ఉద్యోగపత్రము అందిన పిదప: క్రొత్త విమానచోదకుని శిక్షణ

(మన సంఘ సమావేశమున చేసిన ఉపన్యాస పాఠము)



నన్ను మాటలాడుమని కోరిన విషయము మన సభలకు కొంచెము క్రొత్తది. పిల్లల తెలుగు చదువు, బడులలో తెలుగు తరగతులు, గ్రంథాలయము, ఉగాది ఉత్సవము మున్నగు వానిని గూర్చియే ఇచ్చట మనము తరచుగా ముచ్చటించుకొనుచుందుము. అయినను ఇటీవల మన కుటుంబముల పిల్లలు కొందరు విమానచోదకులగుటకు పూనుకొనుచున్నారు. వారిలో ఆడపిల్లలును గలరు. మన దేశమున విమానచోదకులలో స్త్రీల పాలు ప్రపంచపు సగటు కంటె ఎక్కువ యని మీరు వినియే యుందురు. హోసూరు వారైనను, బళ్ళారి వారైనను, బరంపురము, సోలాపురము, యానాముల వారైనను, ఆ పిల్లల తల్లిదండ్రులు నన్ను కలిసినపుడు అడుగు ప్రశ్న ఒక్కటే: "అబ్బాయికి లైసెన్సు వచ్చినది. కంపెనీ వారి ఉత్తరమును వచ్చినది. ఇక విమానము నడుపుటయే గదా? మరల ఈ శిక్షణ యేమిటి? ఇందులోను తప్పిపోవుట ఉండునా?"

నేను కొంతకాలము విమానము నడిపి, ఆ పిమ్మట అనేక సంవత్సరములు శిక్షకుడనుగా సిమ్యులేటరు గదిలో గడిపినవాడను. కావున ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతవరకు సమాధానము చెప్పుదును. ఉండును, తప్పిపోవుటయు ఉండును. కాని ఎవరు తప్పుదురు, ఎందుకు తప్పుదురు అనునది మన ఇండ్లలో సరిగా తెలియదు. అది తెలిసినచో ఆ బిడ్డకు మనము చేయదగిన సాయము గూడ తెలియును.

లైసెన్సు వేరు, ఉద్యోగము వేరు

మన దేశమున వాణిజ్య విమానచోదకుని లైసెన్సునకు పదునెనిమిదేండ్ల వయస్సు నిండవలెను. కనీసము 200 గంటలు ఆకాశయానము చేసి యుండవలెను. వాయుయానశాస్త్రము, వాతావరణ శాస్త్రము, విమాన నిబంధనలు మొదలగు వానిలో పరీక్షలు నెగ్గవలెను. కఠినమైన వైద్యపరీక్షలో నిలువవలెను. బెంగుళూరు జక్కూరులో గాని, మహారాష్ట్రలోని బారామతి, గోందియాలలో గాని, విదేశములలో గాని ఈ 200 గంటలను పిల్లలు చిన్న విమానములలో పూర్తి చేయుదురు. సెస్నా 172 అను ఆ చిన్న విమానము మనుష్యులతోను ఇంధనముతోను కలిపి సుమారు 1,100 కిలోలు తూగును. కంపెనీలో అతడు నడుపబోవు ఎయిర్‌బస్ 320 జాతి విమానము నిండు బరువుతో లేచునపుడు సుమారు 79 టన్నులు. డెబ్బది రెట్లు! చిన్న విమానము దిగునపుడు దాని వేగము గంటకు 120 కిలోమీటర్ల ప్రాంతమున నుండును. పెద్దది దాదాపు 250 కిలోమీటర్ల వేగముతో నేలను తాకును.

అయినను బరువును వేగమును ఈ వ్యత్యాసములో చిన్న భాగములే. చిన్న విమానములో పిల్లవాడు ఒంటరిగా ఎగురుట నేర్చెను. తన కన్ను, తన చేయి, తన నిర్ణయము. కంపెనీ విమానములో ఒంటరి పని యనునదే లేదు. అచ్చట ఇద్దరుందురు. ఒకరు నడుపుదురు, రెండవవారు కనిపెట్టి యుందురు. అందుచేత కంపెనీ ఇచ్చు శిక్షణ ముఖ్యముగా విమానము నడుపు శిక్షణ కాదు. ఇద్దరు కలిసి పనిచేయు శిక్షణ. ఈ ఒక్క మాటను మీరు మనస్సున నుంచుకొనిన చాలును. తక్కినదంతయు దీనికి వివరణమే.

మొదటి వారములు

చేరిన తొలి దినములలో విమానము కంటికి కనబడదు. కాగితములు, గుర్తింపు పత్రములు, కంపెనీ నియమావళులు ముందు వచ్చును. ఆ గ్రంథములు వేల పుటలుండును. తరువాత ప్రమాదకర వస్తువులను గూర్చిన తరగతి. సామానుల గదిలో లిథియం బ్యాటరీ ఏల ప్రమాదమో, దేనిని ఎక్కింపవచ్చునో, దేనిని తిరస్కరింపవలెనో అచ్చట నేర్పుదురు.

ఆ పైన ప్రాణరక్షణ శిక్షణ. నిప్పు నార్పుట, పొగ నిండిన గదిలో తడుముకొనుచు వెలికి వచ్చుట, జారుడు బల్లపై నుండి క్రిందికి దిగుట, ఈత కొలనులో రక్షణ తెప్ప నెక్కుట. ప్రయాణికులను ఖాళీ చేయించు ఏర్పాటు ఎట్లుండవలెనో చట్టము చెప్పుచున్నది: విమానపు ద్వారములలో సగము మూసియున్నను 90 సెకండ్లలో అందరును వెలుపల నుండగలుగునట్లు విమానమును నిర్మింపవలెను. 2024 జనవరి 2న టోకియోలోని హనేడా విమానాశ్రయమున జపాను విమానమొకటి దిగుచుండగా మరియొక చిన్న విమానమును ఢీకొని మంటలపాలయ్యెను. పెద్ద విమానములోని 379 మందియు బ్రతికి బయటపడిరి. దానికి కారణము ఈ సాధనయే. కావున మీ అబ్బాయి "ఈరోజంతయు జారుడు బల్లపై జారితిమి" అని చెప్పినపుడు నవ్వకుడు.

పిమ్మట ఆ విమానజాతికి సంబంధించిన పాఠములు. ఇంధనము ఎట్లు ప్రవహించును, విద్యుత్తు ఎచ్చట నుండి వచ్చును, గాలి పీడనము ఎట్లు నిలుచును, ఒక యంత్రము చెడినచో ఏది దానికి బదులు పనిచేయును. ఇవన్నియు గణకయంత్రముల ముందు కూర్చుండి కొన్ని వారములు చదువవలెను. కొన్ని చర్యలను పుస్తకము తెరువకుండ జ్ఞాపకముంచుకొని చేయవలెను. మిగిలిన వానిని జ్ఞాపకము నుండి చేయనే రాదు. జాబితా చూచియే చేయవలెను.

ఈ జాబితాలకు ఒక చరిత్ర గలదు. 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డులో బోయింగు వారి క్రొత్త విమానమొకటి పరీక్షకు లేచి వెంటనే కూలెను. గాలికి తోక రెక్కలు ఊగకుండ నేలపై వేయు బిగింపును తీయుట మరచిరి. నడిపినవారు అనుభవజ్ఞులే. అంతటి వారికిని మరపు వచ్చుననియు, జ్ఞాపకశక్తిని నమ్ముకొనరాదనియు అప్పుడు తెలిసి, చేయవలసిన పనులను చిన్న కాగితముపై వ్రాసికొనుట ఆరంభించిరి. నేడు ఎంతటి కెప్టెను అయినను ఆ జాబితాను బిగ్గరగా చదివింపకుండ విమానమును కదలింపడు.

ఈ దినములలోనే మీ ఇంటిలో ఒక వింత కనబడును. విమానపు ముందు గది చిత్రమును నిలువెత్తు కాగితముపై అచ్చు వేయించి గోడకు అంటించి, దాని ముందు కుర్చీ వేసికొని, మీ బిడ్డ ఆ బొమ్మ మీటలను వ్రేలితో తాకుచు తనలో తాను మాటలాడుకొనుచుండును. ఒక తల్లి భయపడి నాకు ఫోను చేసినది. "భయపడవద్దు అమ్మా, పాఠము వల్లె వేయుచున్నాడు" అని చెప్పితిని. వేదము వల్లె వేసిన పద్ధతియే. చేయి తనంతట తాను సరియైన చోటికి పోవువరకు అట్లు చేయవలెను. అప్పుడే సిమ్యులేటరులో అతని మనస్సు పెద్ద విషయములకు ఖాళీగా నుండును.

సిమ్యులేటరు గది

సిమ్యులేటరు అనగా కూలని విమానము. ఆరు కాళ్ళపై నిలిచిన పెద్ద పెట్టె. లోపల అచ్చముగా విమానపు ముందు గది, కిటికీలలో కృత్రిమ ఆకాశము, వెనుక శిక్షకుని ఆసనము. ఆ యంత్రము ఎంతో ఖరీదైనది గావున రాత్రింబవళ్ళు నడుచును. ఒక్కొక్కనాడు మీ బిడ్డకు తెల్లవారుజామున రెండు గంటలకు పిలుపు వచ్చును. సాధారణముగా నాలుగు గంటల సాధన. దానికి ముందు పాఠపు వివరణము, తరువాత తప్పొప్పుల చర్చ. ఇద్దరు శిక్షితులు జంటగా నుందురు. సగము కాలము ఒకరు నడుపుదురు, రెండవవారు కనిపెట్టుదురు. తరువాత పాత్రలు మారును.

అచ్చట నేర్పునది ముఖ్యముగా ఆపదలు. లేచుటకు ముందు పరుగున ఒక వేగముండును. దానిని వీ వన్ అందురు. దానికి ముందు ఇంజను చెడినచో ఆపవచ్చును. దాటిన తరువాత ఆపరాదు. ఒక్క ఇంజనుతోనే లేచి తీరవలెను. శిక్షకుడు సరిగా ఆ క్షణముననే ఇంజనును చెడగొట్టును. విమానము ఒక ప్రక్కకు లాగును. కాలితో ఆ లాగుడును ఎదుర్కొని, తిన్నగా పట్టి, తొందరపడక, ఎత్తు చేరిన పిదప జాబితా అడుగవలెను. మొదటిసారి ఎవరికిని చక్కగా రాదు. పదవసారికి వచ్చును.

ఇంకొకటి, దిగుచు దిగుచు మరల లేచుట. నేలకు 1,000 అడుగుల ఎత్తున వేగము, దిగు తీరు, చక్రములు, రెక్కల అమరిక అన్నియు సరిగా కుదిరి యుండవలెను. కుదరనిచో దిగుట మాని పైకి లేచి మరల రావలెను. అట్లు లేచుట తప్పు కాదు. దానికి శిక్ష లేదు. నిజమునకు కంపెనీ వారు దానిని మెచ్చుకొందురు. కాని మనుష్య స్వభావము చూడుడు: ఇంటి ముంగిటికి వచ్చి వెనుకకు మరలుట ఎవరికిని ఇష్టముండదు.

ఎదురాడుట వేరు, హెచ్చరించుట వేరు

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాను. మన పిల్లలు తప్పిపోవునది లెక్కలలో కాదు, చేతి పనిలోను అంతగా కాదు. నోరు తెరువకపోవుటలో.

ఒకానొక యువకుడు మన ప్రాంతపువాడే. తెలుగు ఇల్లు, తమిళ వీధి, ఇంగ్లీషు బడి. తెలివైనవాడు, వినయవంతుడు. ఒకనాడు సిమ్యులేటరులో అతని ప్రక్కన కెప్టెను స్థానమున కూర్చున్నవారికి నేను ముందుగానే రహస్యముగా ఒక సూచన యిచ్చి యుంటిని. 6,000 అడుగులకు దిగుమని ఆజ్ఞ రాగా వారు 5,000 అని అమర్చిరి. ఆ యువకుడు చూచెను. అతని చేయి కొంచెము లేచెను. పెదవి కదలెను. మాట రాలేదు. విమానము 6,000 దాటి దిగిపోవుచుండెను. నేను యంత్రము నాపి, "చూచితివి గదా, ఏల చెప్పలేదు?" అని అడిగితిని. "వారు పెద్దవారు సార్. తెలిసియే పెట్టి యుందురనుకొంటిని" అనెను.

ఆనాటి పాఠమున అతడు నెగ్గలేదు. మరునాడు వాని తండ్రి నాయొద్దకు వచ్చెను. కోపముతో రాలేదు, బాధతో వచ్చెను. నేను జరిగినది చెప్పితిని. ఆయన చాలసేపు మౌనముగా నుండి, "పెద్దల మాటకు అడ్డు చెప్పవద్దని నేర్పినది నేనే నండి. బంధువులలో అందరును వాని వినయమును మెచ్చుకొన్నపుడు పొంగిపోయితిని" అనెను.

సోదరులారా, ఆ తండ్రిది తప్పని నేననను. పెద్దలపై గౌరవము మన ఇండ్ల సొత్తు. కాని హితము చెప్పుట అవమానించుట కాదని మన పురాణములే చెప్పుచున్నవి గదా! విదురుడు ధృతరాష్ట్రునకు హితము చెప్పెను. మారీచుడు రావణునకు చెప్పెను, విభీషణుడును చెప్పెను. వినకపోవుట వారి తప్పు కాదు. చెప్పకపోయినచో అది వారి తప్పయ్యెడిది.

2010 మే 22న మంగళూరులో జరిగిన ఘోరమును మీలో అనేకులు మరచి యుండరు. దుబాయి నుండి వచ్చిన విమానము కొండపై నున్న రన్‌వేను దాటి లోయలో పడెను. 166 మందిలో 158 మంది మరణించిరి. ఎనమండుగురు మాత్రమే బ్రతికిరి. విచారణలో తేలినదేమనగా, విమానము సరిగా కుదరక ఎత్తుగా వచ్చుచుండగా సహచోదకుడు "మరల పైకి లేవుదము" అని మూడు మారులు చెప్పెను. కెప్టెను దిగుటకే పూనుకొనెను. ఆ సహచోదకుడు నోరు తెరిచెను. అంతవరకు అతడు తన ధర్మము నెరవేర్చెను. నోటి మాట చాలనపుడు ఏమి చేయవలెనో గూడ నేర్పవలెనని ఆ ప్రమాదము మాబోటి శిక్షకులకు బోధించినది.

నేడు కంపెనీలలో దీనికొక క్రమము నేర్పుచున్నారు. మొదట ప్రశ్నగా అడుగవలెను: "మనకిచ్చిన ఎత్తు ఆరువేలు గదా?" రెండవది హెచ్చరిక: "ఎత్తు తప్పినది." మూడవది నిలదీయుట: "కెప్టెన్, వెంటనే పైకి లేవవలెను." అప్పటికిని జవాబు రానిచో, "నేను నడుపుచున్నాను" అను అర్థము గల నిర్ణీత వాక్యమును పలికి విమానమును తన చేతిలోనికి తీసికొనవలెను. ఇది తిరుగుబాటు కాదు, నియమము. దీనిని కెప్టెన్లకును నేర్పుదురు, చిన్నవాడు చెప్పినపుడు వినుట పెద్దవాని విద్య యని.

దీనికి మంచి ఉదాహరణము గూడ ఒకటి చెప్పి ఈ భాగము ముగింతును. 2009 జనవరి 15న న్యూయార్కులో ఎయిర్‌బస్ 320 విమానమొకటి లేచిన కొద్దిసేపటికే పక్షుల గుంపు తగిలి రెండు ఇంజనులును శక్తి కోల్పోయెను. కెప్టెను సుల్లెన్‌బర్గర్ దానిని హడ్సను నదిపై దింపగా 155 మందియు బ్రతికిరి. అందరును కెప్టెనును స్మరింతురు. ఆయన ప్రక్కన నున్న స్కైల్స్ ఎన్నో ఏండ్ల అనుభవము గలవాడైనను, ఆ జాతి విమానమునకు అప్పుడే శిక్షణ ముగించుకొని వచ్చినవాడు. దానిపై అతని అనుభవము నలువది గంటలైనను లేదు. ఆ మూడున్నర నిమిషములలో అతడు జాబితా చదువుచునే యుండెను. నీరు దగ్గరపడుచుండగా కెప్టెను, "నీకేమైనను ఉపాయము తోచుచున్నదా?" యని అతనిని అడిగెను. ఆ విమానమునకు క్రొత్తవాడైన వానిని, ప్రాణసంకటమున, అంతటి కెప్టెను అడిగెను! మన పిల్లలు చేరబోవునది అట్టి సంప్రదాయమున.

మూడు భాషల బిడ్డ

మన వంటి వారికి ముఖ్యమైన సంగతి మరియొకటి గలదు. అది భాష.

1977 మార్చి 27న టెనెరిఫె ద్వీపమున పొగమంచులో రెండు పెద్ద విమానములు రన్‌వేపైననే ఢీకొని 583 మంది మరణించిరి. "లేచుట" అను మాటను ఒకరు ఒక అర్థమున పలుకగా, వేరొకరు వేరొక అర్థమున గ్రహించిరి. అటుపిమ్మట "టేకాఫ్" అను పదమును నిజముగా లేచుటకు అనుమతి యిచ్చునపుడో, దానిని రద్దు చేయునపుడో మాత్రమే వాడవలెనని కట్టుబాటు చేసిరి. మన దేశముననే 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ పైన రెండు విమానములు ఆకాశమున ఢీకొని 349 మంది మరణించిరి, ఒక్కరును మిగులలేదు. ఒక విమాన సిబ్బందికి ఇంగ్లీషు చాలినంత రాకపోవుటయు అందుకొక కారణమని విచారణ తేల్చినది. ఆ పిమ్మట ప్రపంచ పౌర విమానయాన సంస్థ ఆరు మెట్ల భాషాపరీక్ష నేర్పరచి, అంతర్జాతీయ యానము చేయు చోదకునకు కనీసము నాలుగవ మెట్టు ఉండవలెనని విధించెను.

"మావాడు తెలుగు ఇంటివాడు, ఇంగ్లీషులో వెనుకబడునేమో" యని కొందరు శంకింతురు. నా అనుభవము వేరు. విమానపు ఇంగ్లీషు కవిత్వము కాదు. కొన్ని వందల కట్టుదిట్టమైన మాటలు. విన్నదానిని తిరిగి అప్పగించుట, తెలియనిచో "మరల చెప్పుడు" అనుట, అంకెలను ఒక్కొక్కటిగా పలుకుట. యానాము సోదరులకు ఒక చిన్న సంతోషము: ప్రాణాపాయమున మూడు మారులు పలుకు "మేడే" అను మాట "నాకు సాయపడుడు" అను ఫ్రెంచి మాట నుండి పుట్టినది. విమానపు ఇంగ్లీషు కూడ ఎరువు తెచ్చుకొనిన భాషయే!

ఇంటిలో ఒక భాష, అంగడిలో ఒక భాష, బడిలో ఒక భాష మాటలాడి పెరిగిన మన పిల్లలకు ఎదుటివారికి తమ మాట అర్థమైనదా లేదా యని కనిపెట్టు అలవాటు చిన్ననాటి నుండి ఉండును. అల్పసంఖ్యాకులమై బ్రతికినందుకు మనకు దక్కిన లాభమది. అయితే ఒక నియమము: విమానపు ముందు గదిలో ప్రక్కవారు తెలుగువారే యైనను పని మాటలు కట్టుబాటైన ఇంగ్లీషులోనే నడువవలెను. "ఆ, అలాగే, కానీ" అను మన మాటలు ఔను కాదులకు నడుమ నూగులాడును. అచ్చట అట్టి మాటకు తావు లేదు. ఇంటికి వచ్చిన పిదప కడుపార తెలుగు మాటలాడనిండు.

నిజమైన విమానము

సిమ్యులేటరు పరీక్ష నెగ్గిన పిదప ప్రయాణికులు లేని ఖాళీ విమానమున ఎక్కించి, లేచుట దిగుట చేయింతురు. ఆనాడు పిల్లలు ఇంటికి ఫోను చేసి ఏడ్చుట నేనెరుగుదును, ఆనందబాష్పములే. అటుపిమ్మట ప్రయాణికులున్న విమానములలో శిక్షక కెప్టెను ప్రక్కన కూర్చుండి అనేక ప్రయాణములు చేయవలెను. మొదటి కొన్ని ప్రయాణములలో అర్హుడైన వేరొక చోదకుడు వెనుక చిన్న ఆసనమున కూర్చుండి కనిపెట్టుచుండును. అనగా మీరు ప్రయాణించు విమానమున క్రొత్తవాడున్నను ఆపద లేదు. రెండు జతల కన్నులు వానిపై నుండును. చివరి పరీక్షలో నెగ్గినపుడు మాత్రమే అతడు సాధారణ కెప్టెనుతో సహచోదకునిగా వెళ్ళును. చేరిన దినము నుండి ఇంతవరకు సుమారు ఆరు నెలలు. విమానములు, సిమ్యులేటర్లు దొరకుటను బట్టి ఒక్కొక్కప్పుడు ఇంకను ఎక్కువ.

పరీక్షలు అంతటితో ముగియవు. ప్రతి ఆరు నెలలకొకసారి సిమ్యులేటరు పరీక్ష, నియమిత కాలమున వైద్యపరీక్ష, ప్రయాణమునకు ముందు మద్యము త్రాగలేదని శ్వాస పరీక్ష. మద్యము కలిసిన నోటి శుభ్రజలము వాడుట గూడ నిషిద్ధము. 65 ఏండ్లు నిండి విరమించువరకు ఈ జీవితమింతే. కెప్టెను పదవికి వలసిన పై లైసెన్సునకు 1,500 గంటల యానము కావలెను. కావున చేరిన నెలకే "కెప్టెను ఎప్పుడవుదువు?" అని అడుగకుడు.

మనము చేయదగినది

ఇక తల్లిదండ్రులకు నాలుగు మాటలు.

మొదటిది, డబ్బు. ఈ చదువునకు అనేక లక్షలగును; కొన్ని కంపెనీల పథకములలో అన్నియు కలిపి కోటి రూపాయలు దాటును. లైసెన్సునకును ఉద్యోగమునకును నడుమ నెలలే గాక ఏండ్లు గడచినవారును గలరు. ఉన్న ఒక్క ఇంటిని తాకట్టు పెట్టుటకు ముందు వైద్యపరీక్షను ముందుగా చేయింపుడు. కంపెనీతో వ్రాసికొను ఒప్పందమును న్యాయవాదికి చూపింపుడు. శిక్షణ కాలమున పూర్తి జీతము రాకపోవచ్చునని లెక్కలో వేసికొనుడు.

రెండవది, నిద్ర. రాత్రి సిమ్యులేటరు నుండి వచ్చిన బిడ్డ పగలు నిద్రించును. బంధువులు వచ్చిరని లేపకుడు. ఆ ఆరు నెలలు పెండ్లిండ్లకు రాలేదని నిందింపకుడు.

మూడవది, తప్పిపోవుట. ఒక పాఠము మరల చేయవలసి వచ్చుట ఈ వృత్తిలో మామూలు. దానిని దాచుకొనవలసిన అవమానముగా ఇంటిలో చేసితిమా, బిడ్డ తప్పును దాచుట నేర్చును. తప్పు దాచు చోదకుని వంటి అపాయము ఆకాశమున మరియొకటి లేదు. "ఈరోజు ఏమి తప్పు చేసితివి, దాని నుండి ఏమి నేర్చితివి?" అని ప్రేమతో అడుగుడు.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది. చిన్ననాటి నుండియే మన పిల్లలను మర్యాదతో మాట చెప్పనిండు. తాతగారు లెక్క తప్పిరి, నాన్నగారు దారి తప్పిరి యని పిల్లవాడు చెప్పినపుడు "నోరు మూయుము" అనకుడు. "అవును నాయనా, మంచిది, చూచి చెప్పితివి" అనుడు. ఆ ఒక్క వాక్యము వాని నోట మాటను నిలుపును.

మీకు చెప్పిన ఆ యువకుని సంగతి ముగింపకపోయినచో మీరు నన్ను విడువరు. అతడు ఆ పాఠమును మరల చేసెను. కొన్ని దినముల తరువాత వేరొక సాధనలో, నేను చెప్పకయే, ప్రక్కవారు నిజముగానే పొరపాటు పడిరి. అతడు వెంటనే, కొంచెము వణకు గొంతుతో, అయినను స్పష్టముగా, "కెప్టెన్, ఎత్తు సరిచూడుడు" అని ఇంగ్లీషులో అనెను. ప్రక్కవారు సరిచేసి కృతజ్ఞత చెప్పిరి. నేను పుస్తకములో గుర్తు వేసితిని. అతడు నేడు ప్రయాణికులను తీసికొనిపోవుచున్నాడు. పండుగకు ఇంటికి వచ్చినపుడు తండ్రి పాదములకు నమస్కరించుట మానలేదు. గౌరవమును మాటయు ఒకే మనిషిలో ఉండవచ్చునని నాకు అతడే నిదర్శనము.

ఈ వృత్తిలో చేరదలచిన పిల్లలు మన గ్రంథాలయమున నన్ను ఎప్పుడైనను కలియవచ్చును. తల్లిదండ్రులతో కలిసి వచ్చినచో మరింత సంతోషింతును.